మన చదరంగంలో పడవ ఎందుకు లేదు?

కొంచెం పెద్ద పోస్టు, టీ పెట్టుకుని చదవండి.

హాస్టల్లో నా రూమ్మేట్ బెంగాలీ. ఒకరోజు రాత్రి చదరంగం ఆడుతుంటే నా మూల గడిలో ఉన్న ఏనుగును చూపించి "నీ నౌకా పోతోంది చూసుకో" అన్నాడు. నౌకా ఏంది, అది ఏనుగు కదా అన్నాను. కాదు, మా ఊళ్లో అందరూ నౌకా అనే అంటారు, పడవ అన్నాడు. గళ్ల మీద పడవ ఎట్టా పోతుందిరా, నీళ్లేవి అని నేను నవ్వాను. ఏనుగు మాత్రం తుపాకి గుండులా ఈ చివర నుంచి ఆ చివరకు ఎట్టా ఉరుకుతుంది అని వాడు నవ్వాడు. ఆట ఆగిపోయింది గాని ప్రశ్న ఆగలేదు. తర్వాత రెండు నెలలు లైబ్రరీలో దీని వెంట పడ్డాను. దొరికింది ఇక్కడ రాస్తున్నా.

ముందు తేలాల్సింది ఒకటుంది. పడవ అన్నది బెంగాలీవాళ్ల పొరపాటా? పొరపాటే అని చాలా పెద్ద మనిషి ఒకాయన రాసిపెట్టాడు. కలకత్తా సుప్రీంకోర్టు జడ్జి సర్ విలియం జోన్స్, 1790లో ఏషియాటిక్ రీసెర్చెస్ రెండో సంపుటంలో భారతీయ చదరంగం గురించి వ్యాసం వేశాడు. రాధాకాంత అనే పండితుడు ఆయనకు ఒక సంస్కృత పాఠం వివరించి చెప్పాడు. అందులో వ్యాసుడు యుధిష్ఠిరుడికి నలుగురు కూర్చుని ఆడే చదరంగం నేర్పుతాడు. ఏనుగు ఉంది, గుర్రం ఉంది, బంటు ఉంది. రథం ఉండాల్సిన చోట మాత్రం పడవ ఉంది. జోన్స్‌కు ఇది నచ్చలేదు. చతురంగ బలం అంటే రథ, గజ, తురగ, పదాతులు కదా, పడవ ఎక్కడి నుంచి వచ్చింది, ఇది అర్థంలేని మార్పు అని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత చాలామంది ఆ మాటనే తిప్పి తిప్పి రాశారు.

ఇదే పాఠం పదహారో శతాబ్దంలో నవద్వీపానికి చెందిన రఘునందనుడి తిథితత్త్వంలో కూడా ఉంది. ఇక దాని నియమాలు చూద్దాం. ఇక్కడే అసలు మజా.

బోర్డు మామూలుదే, ఎనిమిదికి ఎనిమిది, అరవై నాలుగు గళ్లు. ఆడేవాళ్లు నలుగురు, ఒక్కో వైపు ఒక్కరు. ఒక్కొక్కరికి ఎనిమిది కాయలు: మూలలో పడవ, దాని పక్కన గుర్రం, ఆ పక్కన ఏనుగు, ఆ తర్వాత రాజు. ఈ నాలుగింటి ముందు నాలుగు బంట్లు. మంత్రి లేడు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఏ కాయ కదపాలో మనిష్టం కాదు, పాచిక చెప్తుంది. ఐదు పడితే రాజు గాని బంటు గాని, నాలుగు పడితే ఏనుగు, మూడైతే గుర్రం, రెండైతే పడవ. ఏనుగు ఇప్పటిలాగే తిన్నగా ఎంత దూరమైనా పోతుంది. పడవ మాత్రం ఐమూలగా సరిగ్గా రెండో గడికి దూకుతుంది. మధ్య గడిలో ఎవరున్నా దానికి అడ్డు లేదు.

ఈ పడవల గురించి ఆ పాఠంలో ఒక వింత నియమం ఉంది. పేరు బృహన్నౌక. నాలుగు పడవలూ ఒకదాని పక్కన ఒకటి చేరి నాలుగు గళ్ల చదరంగా ఏర్పడితే, ఆఖరున వచ్చి ఆ చదరాన్ని పూర్తిచేసిన పడవ మిగతా మూడింటినీ పట్టేస్తుంది. ఒక్క ఎత్తులో మూడు కాయలు! చదరంగంలో ఇంకెక్కడా ఇట్టాంటిది నేను చూడలేదు. కాయ పోయి ఎదుటి కాయ ఉన్న గడిలో కూర్చుంటేనే కదా చంపినట్టు. ఇక్కడ పక్కకు వచ్చి నిలబడితేనే పట్టేసినట్టు. మొదటిసారి చదివినప్పుడు, ఎవరో సరదాకు కలిపిన నియమం అనుకున్నాను.

తర్వాత నోట్‌బుక్‌లో గళ్లు గీసి, ఒక్కో మూల నుంచి పడవ ఏ ఏ గళ్లకు చేరగలదో పెన్నుతో చుక్కలు పెట్టాను. మీరూ పెట్టి చూడండి, పది నిమిషాల పని. ఒక్కో పడవ ఆట మొత్తంలో ఎనిమిది గళ్లకు మించి చేరలేదు. నాలుగు పడవలకు నాలుగెనిమిదులు ముప్పై రెండు గళ్లు. వాటిలో ఏ ఒక్క గడీ రెండు పడవలకు ఉమ్మడి కాదు. అంటే ఎన్ని గంటలు ఆడినా ఒక పడవ ఇంకో పడవ ఉన్న గడిలోకి పోలేదు. మామూలు నియమం ప్రకారం పడవా పడవా కొట్టుకునే అవకాశమే లేదు! పడవ బంటును చంపగలదు, గుర్రాన్ని చంపగలదు, పడవను మాత్రం చంపలేదు.

అందుకే నీటి యుద్ధానికి వేరే నియమం కావాల్సి వచ్చింది అని నా అనుకోలు. గడిలోకి ఎటూ పోలేదు కాబట్టి పక్కకు వచ్చి చుట్టేయడాన్నే పట్టడం కింద లెక్కగట్టారు. నాలుగు పడవలూ అట్టా చదరంగా చేరగల చోట్లు కూడా లెక్కపెట్టాను. బోర్డు మొత్తంలో ఐదే ఉన్నాయి. ఒకటి నట్టనడుమ, మిగతా నాలుగు నాలుగు మూలలకు కాస్త లోపలగా. నడుమ చదరానికి ఏ పడవకైనా రెండు దూకులు చాలు. అంటే పాచికలో రెండు పడుతూ ఉంటే ఆట మొదట్లోనే ఈ ప్రమాదం ఉంది. మూడు పడవలు అక్కడ చేరాక నాలుగోవాడు పాచిక చేతిలో పట్టుకుని కూర్చుంటే మిగతా ముగ్గురి మొహాలు చూడాలి. ఇంత లెక్క తప్పకుండా కుదిరిన నియమాన్ని అర్థంలేనిది అనడం కష్టం. జోన్స్ పేర్ల దగ్గరే ఆగిపోయాడు, కూర్చుని ఆడి చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదేమో.

పేరు సంగతికి వద్దాం. బెంగాల్ అంటే నదులు, కాలువలు, వానాకాలం వస్తే ఊళ్లకు ఊళ్లే దీవులు. అక్కడ రథం ఎక్కి ఎవరు యుద్ధానికి పోతారు? కాళిదాసు రఘువంశంలో రఘువు దిగ్విజయానికి బయల్దేరినప్పుడు వంగ దేశం వాళ్లు అతణ్ణి పడవల బలంతోనే ఎదిరిస్తారు. అక్కడి సైన్యానికి పడవ ఒక అంగం. బోర్డు మీదకు కూడా అదే ఎక్కింది. 1030 ప్రాంతంలో అల్ బిరూనీ ఇదే నలుగురి ఆటను వర్ణించాడు గాని, ఆయన చూసింది వాయవ్యంలో. అక్కడ ఐమూలగా పోయే ఆ కాయ పేరు రుఖ్. ఆటా అదే, నడకా అదే, పేరే వేరు. రష్యావాళ్లు కూడా మూల కాయను పడవ అనే అంటారు, వాళ్ల మాట లాద్యా. థాయ్‌లాండులోనూ పడవే, అక్కడ రుఅ అంటారు.

మరి మనకెందుకు లేదు? తెలుగువాళ్లకు సముద్రం లేదా? మచిలీపట్నం ఉంది, మోటుపల్లి ఉంది, కోరంగి ఉంది. శాతవాహనుల సీసం నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ కూడా ఉంది, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలానివి అంటారు. అయినా మన బోర్డు మీద రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, శకటు, బంటు. బండి ఉంది, ఓడ లేదు.

దీనికి నాకు దొరికిన మంచి సాక్ష్యం ఐహోళె శాసనం. 634లో రవికీర్తి రాసింది, చాళుక్య రాజు రెండో పులకేశి విజయాల పట్టిక. అందులో పడమటి తీరాన పురి అనే పట్టణాన్ని కొట్టడానికి పులకేశి వందల ఓడలతో పోయాడని ఉంది. అదే శాసనంలో తూర్పున పిష్టపురం, అంటే మన పిఠాపురం పట్టుకున్న సంగతి ఉంది. ఆ వెంటనే కునాల సరస్సు దగ్గర యుద్ధం. కునాల అంటే మన కొల్లేరే. సరస్సు కదా, పడవలు ఉంటాయి అనుకుంటాం. లేవు. కొల్లేటి నీళ్లు మనుషుల నెత్తురుతో ఎర్రబడ్డాయని, దాని లోపలి నేలంతా ఏనుగుల బారులతో నిండిపోయిందని, చూస్తే ఎర్రటి సాయంత్రం మబ్బులు కమ్మిన ఆకాశంలా ఉందని రాశాడు. ఒకే కవి, ఒకే రాజు, ఒకే రాయి. పడమట ఓడలు, మన దగ్గరకొచ్చేసరికి నీళ్లలో కూడా ఏనుగులే!

తెలుగు నేల మీద ఓడ అంటే ముందుగా గుర్తొచ్చేది సరుకు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం చూడండి. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చి పగిలిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్లు. నేను అట్టా చేయను, సుంకం మాత్రం తీసుకుంటాను, వ్యాపారులు భయపడకుండా రండి అని ఆయన మాటిచ్చాడు. ఓడ గురించి మన రాజు వేసిన పేరున్న చట్టం ఇది, యుద్ధం గురించి కాదు. ఇక పేరున్న ఓడల యుద్ధం విశాఖ ముందు జరిగింది, 1804 సెప్టెంబరు 15న. ఒక పక్క ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు ఓడలు, ఇంకో పక్క ఇంగ్లీషువాళ్ల సెంచూరియన్, దాని కాపలాలో ఉన్న రెండు కంపెనీ సరుకు ఓడలు. ఒక సరుకు ఓడ ఒడ్డుకు కొట్టుకుని పగిలింది, రెండోది ఫ్రెంచివాళ్లకు చిక్కింది, సెంచూరియన్ దెబ్బలు తిని బతికింది. తీరం మనది, యుద్ధం వాళ్లది.

ఏనుగు మూలలో ఎందుకు కూర్చుందో, శకటు లోపలికి ఎందుకు వచ్చిందో, దానికి ఒక్క మాటలో జవాబు చెప్పే పుస్తకం నాకు దొరకలేదు కాబట్టి దాని మీద కథ అల్లను.

కాయలు పేర్చే పద్ధతి గురించి కూడా కొంచెం చెప్పాలి, చాలామంది అక్కడే గొడవ పడతారు. మా దాదా (నాయనకు నాయన) పేర్చేటప్పుడు రాజుకు ఎదురుగా రాజును పెట్టడు. రాజుకు ఎదురు మంత్రి, మంత్రికి ఎదురు రాజు. నేను స్కూల్లో నేర్చుకున్నది రాజుకు ఎదురు రాజు. తప్పు పెట్టావు దాదా అని నేను సర్దేవాడిని, ఆయన మళ్లీ మార్చేవాడు. పాత చతురంగం గురించి చదివితే ఆయన పేర్చినట్టే ఉంది. థాయ్‌లాండు ఆటలో ఇప్పటికీ అంతే.

బర్మా ఆట సిట్టుయిన్ ఇంకా తమాషా. బంట్లు మాత్రం ముందే నిలబడి ఉంటాయి. మిగతా కాయలను బంట్ల వెనక మనకు నచ్చినట్టు పేర్చుకోవచ్చు, మూల కాయలు మాత్రం ఆఖరి వరసలోనే ఉండాలి. ముందు ఎరుపువాడు మొత్తం పేర్చేస్తాడు, అది చూసి నలుపువాడు పేరుస్తాడు. అంటే పేర్చడమే సగం యుద్ధం. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని వేల కుటుంబాలు ఓడలెక్కి రంగూన్ పోయాయో మీకు తెలుసు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. వాళ్లు ఈ ఆట చూసి పులిజూదం గుర్తు తెచ్చుకుని ఉంటారా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. పులిజూదంలోనూ అంతే కదా. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలన్నీ ఒక్కొక్కటిగా చేతిలోంచి పెట్టడం అయ్యేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం ఈలోపే తిరుగుతూ తింటూ ఉంటుంది. తొందరపడి పెట్టినవాడి మేకలు పెట్టడం పూర్తయ్యేసరికే నాలుగు పోతాయి.

ఇంత రాయడానికి కారణం ఒకటుంది, ఇప్పుడు చెప్తా. మాది నెమలి పక్క తండా, తిరువూరు వైపు. ఊరి పేరు చెప్తే వేణుగోపాలస్వామి గుడి ఉన్న నెమలేనా అంటారు, అదే. చదరంగం నాకు మా దాదా నేర్పాడు. ఆయన నియమాలు ఇవి: బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే. రాజు ఆటలో ఒక్కసారి, చెక్ పడకముందు, గుర్రంలా దూకొచ్చు. బంటు ఆఖరి వరసకు చేరితే ఆ గడి ఏ కాయదో ఆ కాయే అవుతుంది, ఏనుగు గడికి పోతే ఏనుగు, గుర్రం గడికి పోతే గుర్రం. అంతేగాని ఎక్కడికి పోయినా మంత్రి కావడం లేదు.

ఎనిమిదో తరగతిలో ఒక పోటీకి పోయాను. మూడో ఆటలో నా రాజు ఇరుక్కుంటుంటే గుర్రంలా దూకించాను. ఎదుటి పిల్లాడు చెయ్యి ఎత్తాడు. అక్కడున్న సారు వచ్చి చూసి గట్టిగా నవ్వి, "ఏ ఊరురా నీది? ఇది ఎవరు నేర్పారు?" అన్నాడు. తండా పేరు చెప్పాను. "అదీ సంగతి" అన్నాడు. అంతే, ఆ రెండు మాటలే. ఆట పోయినందుకు కాదు గాని, ఇంటికొచ్చి దాదాతో నువ్వు నేర్పిందంతా తప్పు అని అరిచాను. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు నాతో ఆడలేదు.

దాదా చెప్పిన మూడూ దేశమంతా ఆడిన పాత హిందుస్తానీ నియమాలు. ఇప్పటి నియమాలు యూరప్ నుంచి వచ్చినవి, అవి కూడా ఎప్పటినుంచో ఉన్నవేమీ కావు. మంత్రి బోర్డంతా పరిగెత్తడం అక్కడ పదిహేనో శతాబ్దం చివర మొదలైంది. మన పండితులు కూడా ఒక దశలో కూర్చుని కొత్త నియమాలు నేర్చుకోవాల్సి వచ్చింది. తిరువెంగడాచార్య శాస్త్రి అనే ఆయన చదరంగం సమస్యల సంస్కృత పుస్తకాన్ని 1814లో బొంబాయిలో ఇంగ్లీషులో వేసినప్పుడు, యూరప్ పద్ధతికి మార్చి వేశానని పుస్తకం పేరులోనే పెట్టాడు. 1828లో మద్రాసువాళ్లు, హైదరాబాదువాళ్లు ఉత్తరాలు రాసుకుంటూ పోటీ ఆడారు. మద్రాసు తరఫున ఆడిన గులాం కాసిం మరుసటి ఏడు కాక్రేన్ అనే ఇంగ్లీషాయనతో కలిసి ఒక ఎత్తుగడ మీద పుస్తకమే వేశాడు.

అందరికంటే పెద్ద ఉదాహరణ మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబు పల్లెటూరి మనిషి, పెరిగింది దాదా ఆడిన ఆట మీదే. యూరప్ నియమాలు పెద్దయ్యాక నేర్చుకున్నాడు. 1929లో లండన్ పోయి ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్‌షిప్ గెలిచాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. మధ్యలో హేస్టింగ్స్‌లో కాపబ్లాంకానే ఓడించాడు. తర్వాత తన దొరతో తిరిగొచ్చేశాడు, ఆట ప్రపంచం మర్చిపోయింది. గ్రాండ్‌మాస్టర్ అన్న గౌరవం ఫిడే వాళ్లు ఇచ్చింది 2024లో, ఆయన పోయిన దాదాపు అరవై ఏళ్లకు. పోటీలో పోటీ నియమాలే పాటించాలి, దానికి నేను ఒప్పుకుంటా. ఆ సారు నా ఎత్తు చెల్లదు అనడం న్యాయమే. "అదీ సంగతి" అన్నదే న్యాయం కాదు.

మొన్న సంక్రాంతి సెలవులకు తండాకు పోయినప్పుడు ఆ నలుగురి ఆట ఆడించాను. అట్ట మీద గళ్లు గీసి, సోడా మూతలకు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నలుపు రంగులేశాం. పాచిక కొట్లో దొరికే మామూలుదే. అందులో ఒకటి, ఆరు పడితే ఎత్తు లేదు, పక్కవాడికి ఇచ్చేయాలి అనుకున్నాం. నేను, భియా, మా తమ్ముడు, నాలుగోది దాదా. నియమాలు చెప్తుంటే దాదా రాజులు ఎదురెదురుగా లేకపోవడం చూసి నా వైపు చూశాడు. నేను తల దించుకుని మూతలు సర్దుకున్నా.

బృహన్నౌక ఒకేసారి పడింది, అది కూడా తమ్ముడికి. మూడు పడవలు నడుమ చేరేసరికి వాడు ఊపిరి బిగబట్టి పాచికేశాడు, రెండు పడింది. ఇంటి ముందు కోళ్లు ఎగిరిపోయేంత కేక పెట్టాడు. దాదా తన పడవ తీసి వాడి చేతిలో పెట్టి, బోర్డు మొత్తం ఒకసారి చూసి అడిగాడు: "ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ఇన్ని బంట్లున్నాయి. వీళ్లందరికీ బియ్యం ఎవడు తెస్తున్నాడు?"

మాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఆయనే లదేణి గురించి మొదలుపెట్టాడు. ఎద్దుల మీద గోనెలేసుకుని ఉప్పు, ధాన్యం మోస్తూ దేశం తిరిగిన మన పెద్దల బిడారు. మొగలుల సైన్యం దక్కనుకు వచ్చినా, 1791, 92లో కారన్‌వాలిస్ టిప్పు మీద శ్రీరంగపట్నం దాకా పోయినా వెనక తిండి మోసింది బంజారాల ఎద్దులే. ఆ ఎద్దులు ఆగితే ఏనుగూ ఆగేది, ఫిరంగీ ఆగేది. కంపెనీ అధికారుల రాతల్లో బ్రింజారీలు అని మన పేరు చాలాసార్లు వస్తుంది, ఎక్కువసార్లు ధాన్యం ఇంకా చేరలేదనో, చేరిందనో. బోర్డు మీద మాత్రం ఏ దేశంలోనూ ఆ కాయ లేదు. నేను వెతికినంతలో లేదు.

దాదా చేటలోంచి ఒక శనగ గింజ తీసి బోర్డు పక్కన పెట్టాడు. ఇదీ ఎద్దు అన్నాడు. దాన్ని ఎక్కడ నిలబెట్టాలని అరగంట వాదించుకున్నాం. రాజు వెనక గడి లేదు. బంట్ల ముందు పెడితే మొదటి ఎత్తుకే పోతుంది. పాచికలో ఒకటి ఊరికే పోతోంది కాబట్టి ఒకటి పడితే ఎద్దు ఒక గడి నడుస్తుంది అన్నాడు తమ్ముడు. ఎద్దు చస్తే ఆ రంగు ఏనుగు కదలకూడదు అన్నాడు భియా. అది మరీ ఎక్కువ, మూడు ఎత్తులు ఆగితే చాలు అన్నాను నేను. దాదా మాత్రం ఎద్దును ఎవరూ చంపకూడదు, పట్టుకుని తమ వైపు తిప్పుకోవచ్చు అంటాడు, నిజంగా కూడా అట్టాగే జరిగేదట. ఎక్కడ పెట్టి మొదలుపెట్టాలో ఇంకా తేలలేదు. మీ ఊళ్లల్లో ఎవరైనా ఆడి చూస్తే ఏ గడిలో పెట్టారో కింద రాయండి.